టెలిస్కోపు గొట్టంలో వేడి గాలి: ఒకే రాత్రి, ఒకే నక్షత్రం, రెండు కొలతలు

పునర్వసు (శ్రీకాకుళం) | ఫిబ్రవరి 22, రాత్రి 12:35

అందరికీ నమస్కారం. నాలుగు రాత్రులుగా ఒకే చోట ఇరుక్కుపోయాను, సాయం కావాలి.

నా దగ్గరున్నది 8 అంగుళాల న్యూటోనియన్ (ట్యూబు అడుగున పెద్ద అద్దం, మూతి దగ్గర చిన్న రెండో అద్దం ఉండే టెలిస్కోపు). ఫోకల్ దూరం 1200 మి.మీ., ఇనుప రేకు ట్యూబు. మా డాబా మీద రేకుల గదిలో పెట్టి ఉంచుతాను. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే బయటికి తీసి, చిన్న కెమెరా తగిలించి, జంట నక్షత్రాల మధ్య దూరం కొలుస్తున్నాను. ఇప్పుడు పట్టుకున్నది పునర్వసు నక్షత్రంలోని కాస్టర్. కంటికి ఒక్కటే చుక్క, టెలిస్కోపులో రెండు. వాటి మధ్య దూరం ఇప్పుడు ఐదున్నర ఆర్క్‌సెకన్ల (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) దగ్గర ఉండాలి.

సాయంత్రం 7 గంటలకు తీసిన వీడియోల్లో నాకు 5.0, 5.1 వస్తోంది. రాత్రి 11 దాటాక తీస్తే 5.5. ఒక రాత్రి అయితే చెయ్యి తప్పనుకోవచ్చు. నాలుగు రాత్రులూ అదే వరస. 7 గంటల వీడియోలో నక్షత్రం గుండ్రంగా ఉండదు, ఒక పక్కకి తోక లాగినట్టు ఉంటుంది.

టెలిస్కోపు అమ్మిన దుకాణం వాళ్ళకి ఫోన్ చేశాను. అద్దాల అమరిక చెడిపోయింది, పార్సిల్ చేసి పంపండి, సర్వీసు చార్జీ ఇంత అన్నారు. కానీ అమరికే చెడితే రాత్రి 11కి దానంతటదే ఎలా బాగవుతుంది? పంపాలా, వద్దా?

---

కళింగపట్నం గాలి | ఫిబ్రవరి 22, ఉదయం 6:50

పంపకండి తమ్ముడూ. అది ఆకాశం పని. మన తీరంలో సాయంత్రం సముద్రపు గాలి లోపలికి వస్తుంటుంది, నేలేమో ఇంకా వేడిగానే ఉంటుంది. చుక్కలు మినుకు మినుకుమంటాయి. అదీగాక 7 గంటలకు కాస్టర్ కిందికి ఉంటుంది కదా, ఎక్కువ గాలి దాటి రావాలి. వెయ్యి ఫ్రేములు తీసి సగటు కట్టండి, సరిపోతుంది.

---

పునర్వసు (శ్రీకాకుళం) | ఫిబ్రవరి 22, మధ్యాహ్నం 1:20

అన్నయ్యా, ముందు నేనూ అదే అనుకున్నాను. అందుకే ఎత్తు చూసుకున్నాను. ఈ రోజుల్లో కాస్టర్ మనకి రాత్రి తొమ్మిది దాటాక నడినెత్తికి దగ్గరగా వస్తోంది. 7 గంటలకు తూర్పున ఎంత ఎత్తులో ఉంటుందో, 11:30 ప్రాంతంలో పడమట దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. రెండుసార్లూ దాటి వచ్చే గాలి మందం ఒకటే. అయినా కొలత తేడా. ఫ్రేములు కూడా ప్రతిసారీ రెండు వేలు తీశాను.

---

అద్దం అరగదీసినవాడు (రాజాం) | ఫిబ్రవరి 22, రాత్రి 9:05

అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆ రేకుల గదిలో సాయంత్రం ఆరింటికి ఎంత వేడి ఉంటుంది?

నేను చేత్తో మూడు అద్దాలు అరగదీశాను. పావు తరంగం (కాంతి తరంగం పొడవులో నాలుగో వంతు) తేడా కోసం నెలల తరబడి నీళ్ళు, పొడి, పిచ్‌తో కుస్తీ పట్టాను. మొదటి అద్దం బిగించిన రోజు చుక్కని చూస్తే నాసిగా ఉంది. ఏడుపొక్కటే తక్కువ, మళ్ళీ అరగదీద్దామనుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి లేచి ఊరికే చూస్తే అదే అద్దం సూది మొనలా చూపించింది. తప్పు అద్దంది కాదు, అద్దం మీద కూర్చున్న వేడి గాలిది.

ఈ రాత్రి ఒక పని చేయండి. బాగా మెరిసే చుక్క ఒకటి పట్టుకొని, ఫోకస్ చక్రం కొంచెం తిప్పి దాన్ని పళ్ళెంలా పెద్దది చేయండి. నడుమ చిన్న నల్ల మచ్చ కనిపిస్తుంది, అది రెండో అద్దం నీడ. ఇప్పుడు ట్యూబు మూతి దగ్గర కింది అంచున మీ అరచెయ్యి పెట్టండి. పళ్ళెంలో చెయ్యి నీడ, దాని మీంచి దీపం సెగలా పైకి లేచే అలలు కనిపిస్తాయి. అవి మీ ఒంటి వేడి. చెయ్యి తీసేశాక కూడా అలాంటి పాయలు మెల్లగా కదులుతుంటే, ఆ వేడి ట్యూబు లోపలిది.

ఆకాశంలో గాలి కదిలితే పళ్ళెం అంతా వాగు నీటి అడుగున గులకరాయిలా చకచకా వణుకుతుంది. ట్యూబులో గాలి అయితే సోమరిగా, ఒక్కో పాయ సెకన్ల తరబడి తీసుకొని పాకుతుంది, ఎక్కువగా ఒకే అంచున పేరుకుంటుంది. ఒకసారి చూస్తే మళ్ళీ పొరబడరు.

---

పునర్వసు (శ్రీకాకుళం) | ఫిబ్రవరి 23, రాత్రి 12:10

మాస్టారూ, చూశాను. 7:15కి పళ్ళెం పై అంచున ఒక పక్కగా తెల్లటి పాయ ఒకటి, మెల్లగా మెలి తిరుగుతూ, అక్కడే ఉండిపోయింది. అరచెయ్యి పెట్టినప్పుడు లేచిన సెగకీ దానికీ తేడా లేదు. వేళ్ళ సందుల్లోంచి కూడా వేడి లేవడం విడివిడిగా కనిపించింది! ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. 11:30కి చూస్తే పాయ లేదు, పళ్ళెం అంతా సమంగా ఉంది.

గదిలో గోడ థర్మామీటరు ఆరింటికి 36 చూపించింది. బయట డాబా మీద 28.

---

ఫిజిక్స్ టీచర్ (బొబ్బిలి) | ఫిబ్రవరి 23, ఉదయం 7:40

ఇక్కడ లెక్క చెప్పాలి. లెక్క కట్టి చూసేదాకా నేనూ నమ్మలేదు.

గాలి వక్రీభవన గుణకం (గాలిలో కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) మన వాతావరణంలో దాదాపు 1.00027. ఆ చివరి అంకెలు గాలి సాంద్రతని బట్టి మారతాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ఆ గుణకం పది లక్షల్లో ఒక వంతు తగ్గుతుంది. వినడానికి ఏమీ కాదు. కానీ ఒక మీటరు పొడవున గాలి పక్క గాలి కన్నా ఒక్క డిగ్రీ వేడిగా ఉంటే, ఆ దారిన వచ్చిన కాంతి దాదాపు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ముందుకు వెళుతుంది. ఆకుపచ్చ కాంతి తరంగం పొడవు 0.55 మైక్రాన్లు. అంటే ఇంచుమించు రెండు తరంగాల తేడా.

రాజాం మాస్టారు పావు తరంగం కోసం నెలలు కష్టపడ్డారు. ఆ పావు తరంగాన్ని పాడుచేయడానికి ఒక మీటరు దారిలో 0.15 డిగ్రీ చాలు. న్యూటోనియన్‌లో కాంతి ట్యూబులో కిందికి ఒకసారి, పైకి ఒకసారి, రెండుసార్లు ప్రయాణం చేస్తుంది కాబట్టి అంత కూడా అక్కర్లేదు.

ఇంకో లెక్క. ట్యూబు పై గోడ పక్క గాలి, కింది గోడ పక్క గాలి కన్నా ఒక డిగ్రీ వేడిగా ఉండి, మధ్యలో సమంగా మారుతోందనుకోండి. అప్పుడు ట్యూబులోని గాలి మొత్తం పలచని పట్టకంలా పనిచేస్తుంది. 1.2 మీటర్ల పొడవు, 20 సెం.మీ. వెడల్పుకి కట్టి చూస్తే, ఒక్కసారి దాటేసరికే నక్షత్రం 1.2 ఆర్క్‌సెకన్లు పక్కకి జరుగుతుంది. మీ 8 అంగుళాల అద్దం విడదీయగల అతి చిన్న దూరం 0.6 లోపే. దానికి రెట్టింపు!

---

బీటెక్ ఫైనలియర్ (విజయనగరం) | ఫిబ్రవరి 23, ఉదయం 10:15

అయితే దొరికినట్టేగా మేడమ్? 5.5కి బదులు 5.0 రావడానికి ఆ పట్టకమే కారణం.

---

ఫిజిక్స్ టీచర్ (బొబ్బిలి) | ఫిబ్రవరి 23, సాయంత్రం 5:30

కాదు బాబూ, అక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. రెండు నక్షత్రాలూ ఒకదానికొకటి ఐదున్నర ఆర్క్‌సెకన్ల దూరంలోనే ఉన్నాయి. రెండింటి కాంతీ అదే అద్దం మీద, అదే గాలి గుండా పడుతుంది. పట్టకం రెండింటినీ ఒకే వైపుకి, ఒకే మేర జరుపుతుంది. మధ్య దూరం మారదు. ఒక నక్షత్రం ఆకాశంలో సరిగ్గా ఎక్కడుందో కొలిచేవాళ్ళకి ఆ పట్టకం పెద్ద శత్రువు. జంట దూరం కొలిచేవాళ్ళకి అంత కాదు.

మరి దూరం ఎందుకు తగ్గింది? నాకు తోచింది చెబుతాను. ట్యూబులో వేడి సమంగా మారదు, పాయలు పాయలుగా ఉంటుంది. అప్పుడు ప్రతి నక్షత్రం అలుక్కుపోతుంది, తోక వస్తుంది. రెండు చుక్కల కాంతి మధ్యలో కలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఒక చుక్క కేంద్రం వెతికేటప్పుడు పక్క చుక్క కాంతి కూడా అందులో పడి, రెండు కేంద్రాలూ ఒకదాని వైపు ఒకటి జరిగినట్టు చూపిస్తుంది. అందుకే తప్పు ఎప్పుడూ తగ్గే వైపే ఉంది. పునర్వసు గారూ, ఒక్కసారైనా 5.5 కన్నా బాగా ఎక్కువ వచ్చిందా?

---

పునర్వసు (శ్రీకాకుళం) | ఫిబ్రవరి 23, సాయంత్రం 6:05

లేదు మేడమ్. ఎప్పుడు తప్పినా తక్కువే.

---

కళింగపట్నం గాలి | ఫిబ్రవరి 23, రాత్రి 8:20

ఒప్పుకుంటున్నాను, ఎత్తు గురించి నేను తొందరపడ్డాను. కానీ సగటు కడితే తగ్గాలి కదా మేడమ్, రెండు వేల ఫ్రేములంటే తక్కువా?

---

ఫిజిక్స్ టీచర్ (బొబ్బిలి) | ఫిబ్రవరి 23, రాత్రి 9:45

అటూ ఇటూ ఊగే తప్పుని సగటు తగ్గిస్తుంది. ఒకే వైపుకి లాగే తప్పుని తగ్గించదు. తూకం రాళ్ళు యాభై గ్రాములు తక్కువున్న త్రాసు మీద బియ్యం వందసార్లు తూచి సగటు కట్టినా ఆ యాభై గ్రాములు తిరిగి రావు. పైగా సగటు కట్టాక దోషం అంచనా చిన్నగా కనిపిస్తుంది కాబట్టి ధైర్యం పెరుగుతుంది. ఆయన 5.05 ప్లస్ ఆర్ మైనస్ 0.02 అని రాసి పంపి ఉంటే, చూసినవాళ్ళు నమ్మేవాళ్ళు. నాకు భయం వేసేది ఆ 0.02ని చూసే.

---

పాత సర్వేయరు (విజయనగరం) | ఫిబ్రవరి 24, ఉదయం 5:55

నమస్తే. నాకు నక్షత్రాలు తెలియవు. మా మనవడు ఈ చర్చ చదివి వినిపించాడు. టీచరమ్మగారు చెప్పిన "పది లక్షల్లో ఒక వంతు" వినగానే ఉలిక్కిపడ్డాను. ఆ అంకెతో నేను ఉద్యోగం అంతా గడిపాను.

టోటల్ స్టేషన్‌లో (కాంతితో దూరం కొలిచే సర్వే పరికరం) దూరం కొలిచే ముందు గాలి ఉష్ణోగ్రత, పీడనం కొట్టాలి. ఆ సవరణని మేం పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) లెక్కన చెబుతాం. ఒక డిగ్రీ తప్పు కొడితే ఒక పీపీఎం, అంటే కిలోమీటరుకి ఒక మిల్లీమీటరు తేడా. కుర్రాళ్ళు పొద్దున కొట్టిన 24 డిగ్రీలతోనే మధ్యాహ్నం 38లో కూడా పని చేసేవాళ్ళు, అదే కొలత రెండు పూటలా కలవట్లేదని తల పట్టుకునేవాళ్ళు. మీ ట్యూబులో జరిగేదీ అదే గాలి, అదే అంకె.

లెవెల్ మెషీను (నేల ఎత్తుపల్లాలు కొలిచేది) మీద గొడుగు పట్టడానికే మాకు ఒక మనిషి ఉండేవాడు. ఎండ నా మీద పడకూడదని కాదు, మెషీను మీద పడకూడదని. రసమట్టం బుడగకి ఒక పక్క ఎండ తగిలితే చాలు, బుడగ వేడి వైపుకి జరుగుతుంది. మెషీను కదలదు, నేల కదలదు, అయినా మట్టం తప్పుతుంది. చీపురుపల్లి వైపు కాలవ పని చేసేటప్పుడు గొడుగువాడు బీడీ కాల్చుకోవడానికి పక్కకి వెళ్ళాడు. పది నిమిషాల పని. ఆ పూట మట్టాలు ముగింపు దగ్గర కలవలేదు, మొత్తం లైను మళ్ళీ నడిచాం.

పాతకాలంలో అయితే ఇంకా కష్టం. 1860ల మొదట్లో దేశం కొలిచే పెద్ద సర్వేలో మన విశాఖపట్నం జిల్లాలో ఒక బేస్‌లైను (మిగతా కొలతలకి పునాది అయ్యే గీత) కొలిచారు, అప్పటికి విజయనగరం ఆ జిల్లాలోనే. ఆ సర్వేలో కోల్బీ కడ్డీలు వాడేవాళ్ళు, పదేసి అడుగులవి. ఇత్తడి కడ్డీ, ఇనుప కడ్డీ పక్కపక్కన పెట్టి, రెండూ వేరువేరుగా సాగినా చివర గుర్తు మాత్రం కదలకుండా ఏర్పాటు. తెలివైన పనే. కానీ ఇత్తడి, ఇనుము ఒకే వేగంతో వేడెక్కవు. ఎండ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనక. నాకు అర్థమైంది ఏమిటంటే, వేడి ఎంత అన్నది కాదు, వేడి మారుతోందా అన్నదే ముఖ్యం. బాబూ, నీ అద్దం గాలితో పాటు చల్లబడుతోందా, వెనకబడిపోతోందా? ముందు అది కొలు.

---

అద్దం అరగదీసినవాడు (రాజాం) | ఫిబ్రవరి 24, ఉదయం 8:30

సర్వేయరు గారికి దండం. చెప్పాల్సిన మాట అదే.

గాజు వేడిని తొందరగా వదలదు. రేకు ట్యూబు పది నిమిషాల్లో చల్లబడుతుంది. అంగుళం మందం అద్దానికి గంటలు కావాలి. ఈలోగా సాయంత్రం గాలి కూడా చల్లబడుతూ పోతుంటుంది, అద్దం దాని వెంట పరిగెడుతుంటుంది, అందుకోదు. అద్దం ముఖం మీద ఒక పలచని వేడి పొర పాలమీగడలా పేరుకొని, ఉండుండి ఊడి, ట్యూబు పై గోడ వెంబడి పాకి బయటికి వస్తుంది. మీకు పై అంచున కనిపించిన పాయ అదే.

మందు: పాత కంప్యూటరు సీపీయూ ఫ్యాను, 12 వోల్టులది. అద్దం వెనక, గాలి అద్దం వైపు కొట్టేలా. నేరుగా ఇనుముకి బిగించవద్దు, కెమెరాలో చుక్క గీతలా వణుకుతుంది. నాలుగు మూలలా రబ్బరు బ్యాండ్లతో వేలాడదీయండి. ఏడు ఎనిమిది వోల్టులకి తగ్గిస్తే ఇంకా నెమ్మదిగా, నిశ్శబ్దంగా తిరుగుతుంది. వెనక మూత ఉంటే తీసేయండి.

ఇంకొకటి, అర్ధరాత్రి దాటాక కథ తిరగబడుతుంది. ఇనుప రేకు పై వైపు ఆకాశానికి ముఖం చేసి ఉంటుంది కాబట్టి వేడిని పైకి వెళ్ళగక్కి, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడిపోతుంది. అప్పుడు పై గోడ నుంచి చల్లగాలి లోపలికి జారుతుంది. ముట్టుకొని చూడండి, ట్యూబు పై వీపు తడిగా ఉంటుంది, కింద పొడిగా ఉంటుంది. లోపల ఫోమ్ షీటు అంటిస్తే చాలావరకు తగ్గుతుంది. నేను పైన పాత దుప్పటి కప్పుతాను, అదీ పనిచేస్తుంది.

---

బీటెక్ ఫైనలియర్ (విజయనగరం) | ఫిబ్రవరి 24, రాత్రి 10:50

నిన్న నేను తొందరపడినా, ఈ విషయం మీద రాత్రంతా చదివాను. రెండు సంగతులు పంచుకోవాలనిపించింది.

1919 మే 29 సంపూర్ణ సూర్యగ్రహణం. సూర్యుడి పక్కన నక్షత్రాల కాంతి వంగుతుందా అని బ్రిటన్ వాళ్ళు కొలిచారు. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం సూర్యుడి అంచున 1.75 ఆర్క్‌సెకన్లు వంగాలి. బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో రెండు టెలిస్కోపులు పెట్టారు. నాలుగు అంగుళాలది 1.98 ఇచ్చింది. పెద్ద దానిలో నక్షత్రాలు అలుక్కుపోయాయి, 0.93 వచ్చింది. మే 27 రాత్రి ఫోకస్ బాగానే ఉంది. ఎండకి కాంతిని లోపలికి మళ్ళించే అద్దం అసమానంగా వేడెక్కి వ్యాకోచించడమే కారణమని వాళ్ళే రాసి, ఆ ఫలితాన్ని పక్కన పెట్టారు. ఐన్‌స్టీన్ సరా కాదా అన్న ప్రశ్న ఒక అద్దం వేడి దగ్గర ఆగింది! ఇక్కడ దోషం అద్దంది, గాలిది కాదు, అయినా మన కాస్టర్ కథ గుర్తొచ్చింది. తప్పు తక్కువ వైపుకే!

రెండోది సూర్యుణ్ణి చూసే టెలిస్కోపులు. వాటి బాధ మనకన్నా ఎక్కువ, పగలంతా ఎండని లోపలికి పిలవాలి. మౌంట్ విల్సన్‌లో ముందు నేల మీద పడుకోబెట్టి కట్టినదానికి వేడి బాధ తప్పలేదు. అందుకని 1908లో 60 అడుగుల టవరు, 1912లో 150 అడుగుల టవరు కట్టారు, నేల వేడికి అందకుండా అద్దాలు పైన పెట్టారు. 1969లో అమెరికాలోని సాక్రమెంటో పీక్‌లో ఇంకా ముందుకెళ్ళి, గొట్టంలోని గాలినే తోడేశారు. గాలే లేకపోతే వేడి గాలి ఎక్కడిది!

---

ఫిజిక్స్ టీచర్ (బొబ్బిలి) | ఫిబ్రవరి 25, ఉదయం 7:15

బాగా చదివావు. ఇంకొకటి కలుపుతాను. విలియం హెర్షెల్ 1803లో జంట నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి నిజంగానే తిరుగుతున్నాయని కొలతలతో చూపించాడు, అందులో ముఖ్యమైన ఉదాహరణ మన కాస్టరే. అదే ఏడు ఆయన రాసిన ఇంకో వ్యాసంలో, అద్దాలు చాలాసార్లు సరిగా పనిచేయకపోవడానికి కారణాలు వెతికాడు. కాస్టర్ కొలిచినవాడికి ఆ ప్రశ్న రావడం యాదృచ్ఛికం అనుకోను.

మన వైపు కూడా ఈ పని జరిగింది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంత అబ్జర్వేటరీ కట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం దాటడాన్ని అక్కడి నుంచి గమనించారు. శుక్రుడు అంచు తాకిన క్షణాన్ని పట్టుకోవాలి, ఎండేమో ట్యూబు మీద పడుతుంటుంది. ఈ చర్చ చదివినవాళ్ళలో ఎవరికైనా ఆ రోజు ఆయన పడ్డ కష్టం ఇప్పుడు అర్థమవుతుంది.

(కొంచెం పక్కదారి, అయినా చెప్పకుండా ఉండలేను. అరసవల్లిలో మార్చి 9 నుంచి 11, అక్టోబరు 1 నుంచి 3 ప్రాంతాల్లో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకుతాయని మనందరికీ తెలుసు. ఆ రెండు సార్లూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దక్షిణంగా దాదాపు నాలుగు డిగ్రీల దగ్గరే ఉంటాడు. ఆ రోజుల్లో రోజుకి 0.4 డిగ్రీ చొప్పున జరుగుతాడు కాబట్టే రెండు మూడు రోజులు మాత్రమే. మా స్కూల్లో పిల్లలకి ఈ లెక్క చెబితే కళ్ళు పెద్దవి చేసుకొని వింటారు.)

---

పునర్వసు (శ్రీకాకుళం) | ఫిబ్రవరి 28, రాత్రి 1:15

మూడు రాత్రుల పని అయ్యాక రాస్తున్నాను.

రెండు డిజిటల్ థర్మామీటర్లు కొన్నాను, తీగ చివర చిన్న బొడిపె ఉండే రకం, చేపల తొట్టెలకి వాడేవి. ఒకటి అద్దం వీపుకి టేపుతో అంటించాను, ఒకటి ట్యూబు మూతి బయట గాలిలో వేలాడదీశాను.

మొదటి రాత్రి ఫ్యాను లేదు. 7 గంటలకు అద్దం 34.2, గాలి 27.6. తేడా ఆరున్నర డిగ్రీలు! కాస్టర్ 5.0. ఎనిమిదిన్నరకి తేడా మూడున్నర, కొలత 5.2. పదింటికి తేడా 1.9, కొలత 5.4. పదకొండున్నరకి తేడా 0.9, కొలత 5.5. పక్కపక్కన రాసుకొని చూస్తే ఒళ్ళు జలదరించింది. ఒకటి దిగుతుంటే ఒకటి ఎక్కుతోంది.

రెండో రాత్రి ఫ్యాను పెట్టాను. ఆరింటికే బయటికి తీశాను. ఏడున్నరకి తేడా 1.4. పళ్ళెంలో పాయ లేదు, సన్నటి కదలికలు మాత్రం ఉన్నాయి. కాస్టర్ 5.4.

మూడో రాత్రి మధ్యాహ్నం నుంచే టెలిస్కోపుని రేకుల గదిలోంచి తీసి కింద ఉత్తరం గదిలో, మట్టిగోడ పక్కన పెట్టాను. ఫ్యాను కూడా. 7:10కి కాస్టర్ 5.5! రెండు చుక్కలూ విడివిడిగా, మధ్యలో నల్లటి ఖాళీతో.

ఒక్కటి మాత్రం అర్థం కావట్లేదు. ఎంతసేపు ఉంచినా, ఫ్యాను తిప్పినా, రెండు థర్మామీటర్ల తేడా 0.6 కన్నా కిందికి దిగట్లేదు. అద్దం ఎప్పుడూ 0.6 వేడిగానే ఉంటోంది. మేడమ్ లెక్క ప్రకారం అది కూడా ఎక్కువే కదా?

---

కళింగపట్నం గాలి | ఫిబ్రవరి 28, ఉదయం 7:00

చాలా బాగుంది తమ్ముడూ. డాబా నేల సంగతి కూడా చూడు. సిమెంటు స్లాబు రాత్రి పదింటి దాకా వేడి కక్కుతుంది. సాయంత్రం నాలుగు బకెట్లు నీళ్ళు చల్లితే తగ్గుతుంది.

---

అద్దం అరగదీసినవాడు (రాజాం) | ఫిబ్రవరి 28, ఉదయం 9:10

నీళ్ళ విషయంలో నేను ఒప్పుకోను అన్నయ్యా. మన దగ్గర అసలే తేమ ఎక్కువ. నీళ్ళు చల్లితే రెండో అద్దం మీద మంచు పట్టేస్తుంది, కొలతే పోతుంది. వీలైతే కింద పెరట్లో గడ్డి మీద పెట్టుకోవడం మేలు.

---

కళింగపట్నం గాలి | ఫిబ్రవరి 28, ఉదయం 9:40

మా ఇంటి దగ్గర గాలి బాగా ఆడుతుంది కాబట్టి నాకు ఆ ఇబ్బంది రాలేదు. గాలి లేని చోట మీరన్నదే నిజం కావచ్చు. నాలుగింటికే చల్లేస్తే ఆరింటిలోపు ఆరిపోతుంది కూడా.

---

ఫిజిక్స్ టీచర్ (బొబ్బిలి) | ఫిబ్రవరి 28, సాయంత్రం 6:25

ఫోకస్ గురించి ఒక ముక్క. ఇనుప ట్యూబు 12 డిగ్రీలు చల్లబడితే 1.2 మీటర్ల పొడవుకి 0.17 మి.మీ. కుంచించుకుపోతుంది. మీ ఎఫ్/6 అద్దానికి (ఫోకల్ దూరం అద్దం వెడల్పుకి ఆరు రెట్లు) ఫోకస్ తట్టుకోగలిగేది అటూ ఇటూ 0.04 మి.మీ. మాత్రమే. సాయంత్రం ఒకసారి ఫోకస్ చేసి వదిలేయకండి, ప్రతి వీడియోకి ముందు మళ్ళీ చేయండి. చుక్కల మధ్య స్కేలు మీద దీని ప్రభావం లెక్కలోకి రాదు, అలుక్కుపోవడం మీదే ఉంటుంది.

---

పాత సర్వేయరు (విజయనగరం) | మార్చి 1, ఉదయం 6:10

బాబూ, ఆ 0.6 గురించి. రెండు థర్మామీటర్లనీ ఎప్పుడైనా ఒకే చోట పెట్టి చూశావా?

మాకు కొత్త టేపు వస్తే ముందు దాన్ని పాత టేపు పక్కన పరిచి చూసుకునేవాళ్ళం, ఆ తర్వాతే పొలంలోకి. గ్లాసెడు నీళ్ళలో రెండు బొడిపెలూ దారంతో కట్టి ముంచు. గంట ఆగి రెండూ ఎంత చూపిస్తున్నాయో రాసుకో. తర్వాత కొంచెం వేడినీళ్ళు కలిపి మళ్ళీ చూడు.

---

పునర్వసు (శ్రీకాకుళం) | మార్చి 1, రాత్రి 10:30

తాతగారూ, చేశాను. గ్లాసులో గంట ఉంచాక ఒకటి 26.3, ఇంకోటి 25.8. గోరువెచ్చటి నీళ్ళలో 38.9, 38.4. రెండుచోట్లా అరడిగ్రీ. అద్దానికి అంటించిందే ఎక్కువ చూపిస్తోంది.

అంటే రాత్రి నేను చూసిన 0.6లో అరడిగ్రీ థర్మామీటరుది, 0.1 మాత్రమే అద్దానిది. పై పోస్టులో రాసిన తేడాలన్నిట్లోంచీ 0.5 తీసేసి చదవండి. నోటు పుస్తకంలో ప్రతి వరస పక్కనా ఎర్ర సిరాతో దిద్దాను, పాత అంకె కొట్టేయకుండా.

ఈ రాత్రి 7:20 వీడియో, 11:20 వీడియో రెండూ పెడుతున్నాను. మొదటిది 5.48, రెండోది 5.51. ఎవరైనా విడిగా కొలిచి చూడగలరా? నా అంకెలు చూడకముందే కొలవాలనుకుంటే ఫైల్ పేర్లలో సమయం తీసేసి ఇంకోసారి పెడతాను.

---

ఫిజిక్స్ టీచర్ (బొబ్బిలి) | మార్చి 1, రాత్రి 10:55

సమయం తీసేసి పెట్టండి. మా తొమ్మిదో తరగతి పిల్లల చేత కొలిపిస్తాను, వాళ్ళు ఈ పోస్టు చదవలేదు.